పదకొండో నంబరు హెచ్చరిక



వాయుగుండం అనగానే మా కృత్తివెన్నులో మొదట అడిగే మాట, "బందరు రేవులో ఎన్నో నంబరు ఎగరేశారు?" అని. పగలు గుర్తులు, రాత్రి దీపాలు స్తంభానికి కట్టి ఓడలకు ప్రమాదం తెలిపేవారు. పదో నంబరు సంగతి అందరికీ తెలుసు. పదకొండోది ఒకటుందని చాలామందికి తెలియదు. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. కబురు అందకపోవడం పదో నంబరును మించిన ప్రమాదమని పెద్దలు గుర్తించారన్న మాట.

1611లో ఇంగ్లీషు వర్తకులు దిగిన రేవు మన బందరు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో ఇక్కడ సుమారు 30 వేలమంది మరణించారు. అదే ఏడు కలకత్తా కూడా తుపానుకు దెబ్బతిన్నది. ఓడరేవుకు హెచ్చరికలు పంపే ఏర్పాటు కలకత్తాలో 1865లో మొదలైంది. వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది.

1977 నవంబరు 19న నేనొక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. హెచ్చరిక తంతిని నకళ్లు తీసి పంపాను. సాయంత్రానికి టెలిఫోను మూగపోయింది. దివిసీమలో దాదాపు పదివేలమంది పోయారని తర్వాత తెలిసింది. నేను రాసిన నకళ్లలో ఎన్ని ఏ ఊరికి చేరాయో ఈనాటికీ నాకు తెలియదు.

ఇప్పుడు రేవుల్లో కబురు కంప్యూటరు మీద నడుస్తున్నది. పూర్వం ఓడ వస్తే ఏజెంటు, కస్టమ్సు, పోర్టు ఆఫీసు, బ్యాంకు, ఎవరి ఫారం వారిదే. 2007లో ఇండియన్ పోర్ట్స్ అసోసియేషన్ తెచ్చిన 'పోర్ట్ కమ్యూనిటీ సిస్టమ్'తో, ఒకసారి ఇచ్చిన వివరాన్నే అందరూ చూసుకునే వీలు ఏర్పడింది. 2018 డిసెంబరులో దాని కొత్త రూపం వచ్చింది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2024 జనవరి 1 నుంచి ఇటువంటి ఒకే గవాక్షాన్ని సభ్యదేశాలకు తప్పనిసరి చేసింది. ఒకే వివరాన్ని నాలుగు ఫారాల్లో రాసిన మన చేతులకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. ఓడ రేవులో నిలిచే ప్రతి రోజూ ఖర్చే గదా!

2023 మే నెలలో బందరు కొత్త రేవు పనులు ఆరంభమైనాయి. అక్కడికి ఎన్ని యంత్రాలు వచ్చినా సంతోషమే. మనవి ఒక్కటే. గాలివానకు కరెంటు పోయి, తీగలు తెగిన రాత్రి కబురు నడిపే మరో దారి ముందే సిద్ధం చేసుకోవాలి. అది ఓడ కెప్టెనుతో ఆగక, పల్లెలో వల బాగుచేసుకునే మనిషి దాకా చేరాలి. పదకొండో నంబరు నేర్పిన పాఠం ఇదే.