అమెరికా ఉద్యోగాల బిల్లు: పన్నుల వివాదం, 2012 అధ్యక్ష ఎన్నిక

అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా 2011 సెప్టెంబరు 8న ఆ దేశ కాంగ్రెసు ఉభయసభల సమావేశంలో ప్రతిపాదించిన ఉపాధి కల్పన బిల్లుకు ‘అమెరికన్ జాబ్స్ యాక్ట్’ అని పేరు. దాని అంచనా వ్యయం 44,700 కోట్ల డాలర్లు. పూర్తి రూపంలో అది ఎన్నడూ చట్టం కాలేదు. అయినప్పటికీ ఉద్యోగాల మాటతో మొదలైన ఆ చర్చ పన్నుల వివాదంగా మారి, 2012 అధ్యక్ష ఎన్నికలో ప్రధానాంశమైంది.

నేపథ్యం

2008 ఆర్థిక సంక్షోభం అమెరికాలో లక్షలాది కుటుంబాల జీవనాధారాన్ని దెబ్బతీసింది. 2011 సెప్టెంబరు నాటికి నిరుద్యోగ రేటు 9 శాతం. పని కోసం వెదుకుతున్నవారు దాదాపు 1.4 కోట్ల మంది. 2010 నవంబరు ఎన్నికలలో ప్రతినిధుల సభ రిపబ్లికన్ల వశమైంది. సెనేట్ డెమోక్రాట్ల చేతిలో మిగిలింది. ఉభయసభలూ అంగీకరించనిదే బిల్లు చట్టం కాదు కనుక, కాడికి కట్టిన రెండు ఎద్దులూ కలిసి నడిస్తే తప్ప బండి కదలని స్థితి ఏర్పడింది.

బిల్లులోని అంశాలు

అమెరికాలో ఉద్యోగి జీతం నుంచి 6.2 శాతాన్ని వృద్ధాప్య పింఛను నిధి అయిన సోషల్ సెక్యూరిటీకి మినహాయిస్తారు. దీనినే పేరోల్ పన్ను అంటారు. 2011లో దీనిని తాత్కాలికంగా 4.2 శాతానికి తగ్గించారు. 2012లో 3.1 శాతానికి దించాలని ఒబామా బిల్లు కోరింది. పాత రేటుతో పోలిస్తే, ఏడాదికి 50,000 డాలర్ల జీతం గల ఉద్యోగికి 1,550 డాలర్లు మిగిలేవి. ఉపాధ్యాయులు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది ఉద్యోగాలు నిలపడానికి 3,500 కోట్లు, పాఠశాలలు, కళాశాలల భవనాల బాగుకు 3,000 కోట్లు, రోడ్లు, రైలు మార్గాలు, విమానాశ్రయాలకు 5,000 కోట్ల డాలర్లు ప్రతిపాదించారు.

సెనేట్‌లో ఓటింగు

మన శాసనసభలలో సాధారణ బిల్లు నెగ్గడానికి ఒక్క ఓటు ఆధిక్యం చాలు. అమెరికా సెనేట్‌లోని 100 మంది సభ్యులలో 60 మంది సమ్మతిస్తేనే చర్చను ముగించి బిల్లును ముందుకు నడిపే వీలుంటుంది. 2011 అక్టోబరు 11న ఈ బిల్లుకు 50 ఓట్లు అనుకూలంగా, 49 వ్యతిరేకంగా పడ్డాయి. అధిక సంఖ్యాకుల మద్దతు ఉండి కూడా బిల్లు ఆగిపోయింది. రిపబ్లికన్లలో ఒక్కరూ దానిని సమర్థించలేదు. ఉపాధ్యాయుల నిధిని విడదీసి అక్టోబరు 20న, రోడ్ల నిధిని విడదీసి నవంబరు 3న మళ్లీ ప్రయత్నించినా 60 ఓట్లు రాలేదు. మాజీ సైనికులను ఉద్యోగంలోకి తీసుకునే సంస్థలకు పన్ను రాయితీ వంటి కొద్ది అంశాలు మాత్రం ఉభయపక్షాల అంగీకారంతో నవంబరు 21న చట్టమయ్యాయి.

2012 ఏప్రిల్ 5న సంతకమైన ‘జాబ్స్ యాక్ట్’ దీనికి భిన్నమైనది. అది చిన్న సంస్థలు పెట్టుబడి సేకరించడాన్ని సులభం చేసిన చట్టం.

పన్నుల వివాదం

ఖర్చు ఎవరు భరించాలన్నదే తగవుకు మూలం. ఏటా 10 లక్షల డాలర్లకు మించిన ఆదాయంపై 5.6 శాతం అదనపు పన్ను వేయాలని సెనేట్ డెమోక్రాట్లు సూచించారు. 2009లో పెట్టిన 78,700 కోట్ల డాలర్ల ఉద్దీపన ఆశించిన ఫలితమివ్వలేదని, అప్పు పెరుగుతుందని, సంపన్నులపై పన్ను ఉద్యోగాలిచ్చే చిన్న వ్యాపారులనే తాకుతుందని రిపబ్లికన్లు వాదించారు. ఆ ఉద్దీపన లేకుంటే పరిస్థితి మరింత దిగజారేదని, జనం చేతిలో డబ్బు ఆడితేనే దుకాణం, దానివెంట కర్మాగారం నడుస్తాయని డెమోక్రాట్ల సమాధానం.

తన కార్యాలయ ఉద్యోగులకన్నా తక్కువ రేటున, 17.4 శాతమే తాను పన్ను కట్టానని కోటీశ్వరుడు వారెన్ బఫెట్ 2011 ఆగస్టులో వ్రాశారు. ఆనాడు జీతంపై పన్ను 35 శాతం వరకు ఉండగా, వాటాల అమ్మకపు లాభంపై సాధారణంగా 15 శాతమే ఉండేది. 10 లక్షల డాలర్లు దాటినవారు కనీసం 30 శాతం చెల్లించాలన్న ‘బఫెట్ నియమం’ 2012 ఏప్రిల్ 16న సెనేట్‌లో 51–45 ఓట్లు పొంది, 60 అందక వీగిపోయింది.

అభ్యర్థుల ప్రణాళికలు

రిపబ్లికన్ అభ్యర్థిత్వం కోరిన హెర్మన్ కెయిన్ ‘9–9–9’ పథకం ప్రకటించారు. ఆదాయంపై 9, వ్యాపారంపై 9, అమ్మకాలపై 9 శాతం పన్ను దాని సారాంశం. లెక్క సులభమే గాని, ఉప్పు పప్పు కొనే పేదపై భారం పెరుగుతుందన్న విమర్శ వచ్చింది. రిక్ పెర్రీ 20 శాతం ఒకే రేటును ఐచ్ఛికంగా ఇస్తామన్నారు. కెయిన్ 2011 డిసెంబరులో, పెర్రీ 2012 జనవరిలో బరి వీడారు. పార్టీ అభ్యర్థియైన మిట్ రామ్నీ ఆదాయపు పన్ను రేట్లన్నిటినీ అయిదో వంతు తగ్గిస్తామన్నారు. 2010లో ఆయన స్వయంగా కట్టినది దాదాపు 14 శాతమని వెల్లడి కావడంతో వివాదం ముదిరింది.

ఫలితం

2012 నవంబరు 6న ఒబామా 332 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచారు. రామ్నీకి 206 వచ్చాయి. 2013 జనవరి 2న సంతకమైన చట్టం 4 లక్షల డాలర్లు, దంపతులకు 4.5 లక్షల డాలర్లు దాటిన ఆదాయంపై పన్నును 39.6 శాతానికి పెంచింది. 2017 డిసెంబరులో డొనాల్డ్ ట్రంప్ ప్రభుత్వం గరిష్ఠ రేటును 37 శాతానికి, కంపెనీల పన్నును 35 నుంచి 21 శాతానికి తగ్గించింది.

తెలుగు కుటుంబాలకు సంబంధం

హెచ్-1బి వీసాపై పనిచేసే తెలుగువారి జీతంలోనూ పేరోల్ పన్ను కోత ఉంటుంది. ఒబామా కోరిన 3.1 శాతం నెరవేరకపోయినా, 4.2 శాతం రేటును 2012 చివరి వరకు పొడిగించారు. 2013 జనవరిలో అది తిరిగి 6.2 శాతమైంది. 50,000 డాలర్ల జీతగానికి ఏడాదికి 1,000 డాలర్లు తగ్గాయి. పింఛను అర్హతకు సాధారణంగా పదేళ్ల చెల్లింపు కావాలి. భారత్, అమెరికాల మధ్య ఈ విషయమై అప్పటికి ఒప్పందం లేనందున, అంతకు ముందే స్వదేశం చేరినవారికి కట్టిన సొమ్ముకు పింఛను దక్కలేదు. వాషింగ్టన్‌లో పది ఓట్లు తక్కువైతే, ఇక్కడి ఇంటికి పంపే సొమ్ములోనూ ఆ తేడా కనిపించడానికి కారణమిదే.