కుంచానికి 64 గిద్దలు

బుచ్చయ్యపేటలో మా ఇంటి వెనక గదిలో పాత కొలపాత్రలు ఇప్పటికీ ఉన్నాయి. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. ఒక్కోటీ ముందుదానికి సరిగ్గా రెట్టింపు. గిద్దను ఆరుసార్లు రెట్టిస్తే కుంచం, అంటే 64 గిద్దలు. మా నాయనమ్మకి ఈ లెక్క కాగితం మీద రాదు, చేతికి వచ్చు. ధాన్యం కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనేది కాదు. లాభం, రెండు, మూడు...

64 అనగానే నాకు చదరంగం బల్ల, దాని వెంటే పావులూరి మల్లన గుర్తొస్తారు. మహావీరాచార్యుడు 850 ప్రాంతంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని, 11వ శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు మల్లన. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా బల్లంతా నింపితే మొత్తం ఎంత? ఆ జవాబును ఒక్క చంపకమాలలో బిగించాడు: 18446744073709551615. అటు అల్‌బిరూనీ కూడా 1000 ప్రాంతంలో ఇదే సంఖ్య రాసిపెట్టాడు.

పద్యంలో అంకెలు మారువేషంలో ఉంటాయి. శరం అంటే 5, మన్మథుడి బాణాలన్నమాట. శశి 1, గగనం 0, వేదం 4, కుంజరం 8. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడవాలి. తాటాకు మీద అంకె తప్పు రాస్తే ఎవరికీ తెలీదు; ఇక్కడ మాట జారితే గణం తప్పి చెవికే తగులుతుంది. ఇంతకన్నా మంచి తాళం నేను చూళ్ళేదు.

నాకు ఆ తాళం లేకపోయింది. పదో తరగతి సెలవుల్లో పాత పద్దుల పుస్తకం వెనక ఒక్కో గడీ రెట్టిస్తూ పోయాను. ప్రతి గడిలోని అంకెలు కూడి ఒక్క అంకెకు తెస్తే 1, 2, 4, 8, 7, 5, మళ్ళీ 1 అని తిరుగుతుంటాయి. 41వ గడికి 7 రావాలి, 6 వచ్చింది. చూస్తే, 1099511627776 రాయాల్సిన చోట చివర 66 రాసేశాను. పదుల స్థానంలో చేతిలో ఉన్న ఒకటి మర్చిపోయాను.

మల్లన సంఖ్యను విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417. వీటిలో నాకు ముద్దొచ్చేది 641. రెండును 32 సార్లు వేసి గుణించి, ఒకటి కలిపితే 4294967297. అది ప్రధాన సంఖ్యే అనుకున్నాడు ఫెర్మా. 1732లో ఆయిలర్ దాన్ని 641తో శేషం లేకుండా భాగించి చూపించాడు. అప్పటికే ఆ 641 మన చంపకమాలలో ఆరేడు వందల ఏళ్ళుగా కూర్చుని ఉంది.

మొన్న గిద్దలతో లెక్కేశాను. బల్ల మొదటి వరసకి 255 గిద్దలు, అంటే గిద్ద తక్కువ నాలుగు కుంచాలు. రెండో వరస కూడా నింపితే గిద్ద తక్కువ 1024 కుంచాలు. ఆ వరస పూర్తయ్యేలోపే మా గాదె అడుగు తేలేది.