బాయి మీద ఓటు: సింగరేణి గుర్తింపు ఎన్నికల చరిత్ర

సింగరేణి కాలరీస్‌లో కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే హక్కు ఏ సంఘానిదో రహస్య ఓటుతో తేల్చే పద్ధతి 1998లో మొదలైంది. 2023 నాటికి ఈ ఎన్నికలు ఏడుసార్లు జరిగాయి. తేదీ ఖరారైందంటే కొత్తగూడెం, మణుగూరు, గోదావరిఖని, శ్రీరాంపూర్, బెల్లంపల్లిలోనూ, రామగిరి ఖిల్లా దాపున ఉన్న సెంటినరీ కాలనీలోనూ మరో ముచ్చట ఉండదు. ఆ ముచ్చట్లలో ఒక అంచనా ప్రతిసారీ వినిపిస్తుంది: హైదరాబాదులో ఎవరి సర్కారు ఉంటే బాయి (గని) మీద వాళ్ల జెండాయే ఎగురుతుందని. ఏడు ఎన్నికల్లో అది నిజమైంది ఒక్కసారే. ఈ చరిత్రలో అన్నిటికన్నా గమనించదగ్గ సంగతి ఇదే.

ఓటు రాకముందు సంఘాల బలం తేల్చుకునే దారులు వేరుగా ఉండేవి. అవి తెలియాలంటే మొదటి నుంచి చూడాలి: భూగర్భ శాస్త్రవేత్త కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలైంది. నిజాం పాలన చివరి ఏళ్లలో మఖ్దూం మొహియుద్దీన్, దేవూరి శేషగిరి వంటి కమ్యూనిస్టు నాయకులు గని కార్మికులను కూడగట్టారు. సింగరేణి కాలరీస్ వర్కర్స్ యూనియన్ ఆ పోరాటాల్లోంచే ఎదిగింది, ఏఐటీయూసీకి ఇక్కడ బలమైన పునాది వేసింది. స్వాతంత్ర్యం తర్వాత కాంగ్రెస్ అండతో ఐఎన్‌టీయూసీ దానికి ఎదురు నిలిచింది. 1960 దశకంలో గోదావరి ఒడ్డున రామగుండం గనులు తెరుచుకున్నాక కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల నుంచి వేలాది మంది బాయి పనికి వచ్చారు. ఎర్రజెండా, మూడు రంగుల జెండా మధ్య పోటీ కూడా వాళ్లతోపాటే గోదావరిఖనికి చేరింది.

అప్పట్లో ఎవరికి ఎంత బలం ఉందో తెలిసేది సభ్యత్వ పుస్తకాలను బట్టి, సమ్మెలను బట్టి. ప్రతి సంఘమూ తన సభ్యుల సంఖ్య తానే చెప్పుకునేది. ఒక రోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోసే నిబంధనకు వ్యతిరేకంగా 1981లో 56 రోజుల సమ్మె జరిగింది. పాత సంఘాల మీద నమ్మకం సడలిన ఆ రోజుల్లోనే సింగరేణి కార్మిక సమాఖ్య, అంటే సికాస, పుట్టింది. తర్వాతి పదేళ్లూ ఒక బాయిలో చిన్న గొడవ జరిగినా పని ఆగిపోయేది. 1990 దశకంలో కంపెనీ నష్టాల్లో కూరుకుని రెండుసార్లు, ఖాయిలా పరిశ్రమల సంగతి తేల్చే బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. పదుల కొద్దీ సంఘాలతో విడివిడిగా బేరాలు సాగించడం ఇక కుదరదని తేలాక రహస్య ఓటు వచ్చింది. యాజమాన్యం దీన్ని ఉత్పత్తి కోసం కోరుకుంది, నిజమే. కానీ తన తరఫున ఎవరు మాట్లాడాలో కార్మికుడు ఒంటరిగా, ఎవరి ఒత్తిడీ లేకుండా తేల్చుకునే వీలు చరిత్రలో మొదటిసారి దొరికింది కూడా అప్పుడే. అది చిన్న లాభం కాదు.

పోలింగ్‌ను నడిపేది కేంద్ర కార్మిక శాఖ. ఒక్కో కార్మికుడికి ఒక్కటే ఓటు, కానీ దాన్ని లెక్కించేది రెండు విధాలుగా. కంపెనీ మొత్తం మీద ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నది గుర్తింపు సంఘం. ఒక్కో ఏరియాలో ముందున్నది ఆ ఏరియాకు ప్రాతినిధ్య సంఘం. కంపెనీ అంతటికీ వర్తించే విధానాలకు సంబంధించిన స్ట్రక్చర్డ్ మీటింగుల్లో చైర్మన్ ఎదుట కూర్చునేది మొదటిది. క్వార్టర్లు, బదిలీలు, క్యాంటీన్, ఆసుపత్రి వంటి స్థానిక సమస్యలను జనరల్ మేనేజర్ దగ్గర తేల్చుకునేది రెండోది. అధికారులకు ఇందులో ఓటు లేదు. ఓపెన్‌కాస్టుల్లో మట్టి తీసేవాళ్లు, కాలనీలు ఊడ్చేవాళ్లు వంటి వేల సంఖ్యలో ఉన్న కాంట్రాక్టు కార్మికులకూ లేదు. అదే దుమ్ములో అదే పని చేసేవాళ్లను ఓటర్ల జాబితా బయట ఉంచడం ఈ ఎన్నికకున్న పెద్ద వెలితి.

ప్రచారం గేట్ మీటింగులతో సాగుతుంది. షిఫ్టు మారే వేళ మస్టర్ గది ముందో, సైకిల్ స్టాండు పక్కనో నాయకుడు మైకు పడతాడు. దిగబోయేవాళ్లు, ఎక్కివచ్చినవాళ్లు కాసేపు ఆగి వింటారు. ఒక సంఘం మాట్లాడి వెళ్లాక మరో షిఫ్టుకు ఇంకో సంఘం వస్తుంది, వినేవాళ్లు మాత్రం వాళ్లే. అందుకే ఇక్కడి వాదనకు పదును ఎక్కువ. కిందటిసారి ఏం చెప్పారో, ఏది చెయ్యలేదో అడిగేవాడు ఎదురుగానే నిలబడి ఉంటాడు. కొడుక్కి ఉద్యోగం, మెడికల్ బోర్డు, లాభాల్లో వాటా, సొంతిల్లు, మారుపేర్ల మీద పనిచేస్తున్నవాళ్ల చిక్కులు, ఆదాయపు పన్ను భారం: చర్చ వీటి చుట్టూనే తిరుగుతుంది. రాష్ట్ర రాజకీయం వచ్చినా వీటిలోంచే వస్తుంది.

అంచనాలు కట్టేది ముఖ్యంగా ఒక్కో బాయిలో సంఘం పని చూసే పిట్ కార్యదర్శులు. బాయిలో ఎన్ని ఓట్లున్నాయి, ఏ షిఫ్టులో, ఏ సెక్షన్‌లో ఎవరి మాట చెల్లుతుంది, కిందటిసారి ఎటు వేశారు, ఈ మధ్య ఎవరు జెండా మార్చారు అని పేరుపేరునా లెక్క వేస్తారు. భూగర్భ గనుల కాలంలో ఈ లెక్క బాగా కుదిరేది. గని లోపల ఒకే డిస్ట్రిక్టులో (పని విభాగంలో) బొగ్గు నింపే ముఠా రోజంతా కలిసి ఉండేది, ఓటూ కలిసే వేసేది. రామగుండం-3 ఏరియాలో ఓపెన్‌కాస్టులు పెరిగి, అడ్రియాల లాంగ్‌వాల్ వంటి యంత్రాల గని వచ్చాక ఆ ముఠాలు పలచబడ్డాయి. డంపర్ నడిపేవాడు ఎనిమిది గంటలూ ఒక్కడే కూర్చుంటాడు. అతని మనసులో ఏముందో కార్యదర్శికి అందదు. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న కార్మికులు 2023 నాటికి 40 వేల లోపుకు తగ్గారు. వారసులుగా చేరిన చదువుకున్న యువకులు తండ్రి జెండాకే కట్టుబడి ఉండాలనుకోలేదు. లెక్కలు తప్పడానికి ఇవే అసలు కారణాలు.

ఫలితాలను వరుసగా చూస్తే పాత అంచనా ఎంత బలహీనమో తెలుస్తుంది. 1998లోనూ 2001లోనూ రాష్ట్రంలో తెలుగుదేశం పాలన. గెలిచింది మాత్రం ఏఐటీయూసీ. 2003లో అదే ప్రభుత్వం ఉండగా ఐఎన్‌టీయూసీ గెలిచింది, మరుసటి ఏడు కాంగ్రెస్ రాష్ట్రంలో అధికారంలోకి వచ్చింది. తమ సర్కారు వచ్చింది కదా, ఇక తిరుగులేదని ఐఎన్‌టీయూసీ శ్రేణులు ధీమాగా ఉన్న 2007లో గుర్తింపు మళ్లీ ఏఐటీయూసీకి దక్కింది.

2012 జూన్ 28 నాటి ఎన్నిక తెలంగాణ ఉద్యమం నడుమ జరిగింది. అంతకు ముందు ఏడు సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు వారాల తరబడి బాయి దిగలేదు, జీతాలు పోగొట్టుకున్నారు. ఆ త్యాగం ఓటుగా మారి టీఆర్ఎస్ అనుబంధ తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘాన్ని గెలిపించింది. దశాబ్దాల పాత సంఘాలు రెండూ ఒక్కసారిగా వెనకబడ్డాయి. కాంగ్రెస్ ప్రభుత్వం ఇంకా దాదాపు రెండేళ్లు ఉంది, కానీ గాలి ఎటు వీస్తోందో బాయి ముందే చెప్పింది. 2003, 2012 రెంటినీ కలిపి చూసినవాళ్లు సింగరేణి ఓటు రాష్ట్ర ఫలితానికి ముందస్తు సూచన అని కొత్త సూత్రం కట్టారు. 2007 ఆ సూత్రానికి లొంగదు.

పాలక పక్షం సంఘం గెలిచిన ఏకైక ఎన్నిక 2017 అక్టోబరు 5న జరిగింది. అదీ సులువుగా రాలేదు. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని ఆ ఏడు మార్చిలో హైకోర్టు కొట్టేసింది. మాట ఇచ్చి నిలబెట్టుకోలేదని ఒకరు, కోర్టుకు వెళ్లి అడ్డుపడ్డారని మరొకరు గేట్ మీటింగుల్లో నిప్పులు చెరిగారు. ప్రతిపక్షాల సంఘాలు కొన్ని ఏఐటీయూసీ వెనక నిలిచాయి. 52 వేలకు పైగా ఓటర్లలో 94 శాతానికి మించి ఓటు వేశారు. బొగ్గుగని కార్మిక సంఘానికి 23,848, ఏఐటీయూసీకి 19,631 ఓట్లు వచ్చాయి. వారసత్వ ఉద్యోగాల బదులు ఇచ్చిన కారుణ్య నియామకాల హామీ ఆ గెలుపు వెనక ఉంది. తండ్రి ఊపిరితిత్తులు బొగ్గు దుమ్ముకు పాడైతే ఆ ఇంటికి మిగిలే ఆధారం కొడుకు ఉద్యోగమే. ఓటరు దాన్నే ముందు చూసుకోవడంలో తప్పు పట్టాల్సింది లేదు.

తర్వాతి ఎన్నిక ఏళ్ల తరబడి వాయిదాలు పడి, హైకోర్టు జోక్యంతో 2023 డిసెంబరు 27న జరిగింది. అప్పటికి కాంగ్రెస్ అధికారంలోకి వచ్చి నెలయినా కాలేదు. అసెంబ్లీ ఎన్నికల్లో పొత్తుతో కలిసి నడిచిన కాంగ్రెస్, సీపీఐల సంఘాలైన ఐఎన్‌టీయూసీ, ఏఐటీయూసీ ఇక్కడ ఎదురెదురుగా నిలిచాయి. 13 సంఘాలు బరిలో ఉన్నా పోటీ ఈ రెండింటి మధ్యే. కొత్త సర్కారు ఊపులో ఐఎన్‌టీయూసీదే గెలుపని చాలామంది అనుకున్నారు. రాత్రి లెక్కింపులో ఏరియా తర్వాత ఏరియా ఫలితం వస్తుంటే ఆ మాటే నిజమయ్యేట్టు కనిపించింది కూడా. 11 ఏరియాల్లో ఐఎన్‌టీయూసీ ఆరు గెలిచింది. అయితే ఓటర్లు ఎక్కువున్న శ్రీరాంపూర్‌తో పాటు బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం-1, రామగుండం-2 ఏరియాలు ఏఐటీయూసీ వైపు మొగ్గాయి. మొత్తం మీద 1,999 ఓట్ల తేడాతో గుర్తింపు ఏఐటీయూసీదే అయింది. రెండు పర్యాయాలు ఏలిన బొగ్గుగని కార్మిక సంఘానికి ఒక్క ఏరియా కూడా దక్కలేదు.

సెంటినరీ కాలనీ కేంద్రంగా ఉన్న రామగుండం-3 ఏరియా ఐఎన్‌టీయూసీ గెలిచిన ఆరింటిలో ఒకటి. రామగిరి మండలం మంథని నియోజకవర్గంలో ఉంది. అక్కడి శాసనసభ్యుడు శ్రీధర్‌బాబు అప్పుడే మంత్రి అయ్యారు. పక్కనే గోదావరిఖని వైపు ఉన్న రామగుండం-1, రామగుండం-2 ఏరియాలు రెండూ ఎర్రజెండాకు ఓటు వేస్తే ఇక్కడ ఫలితం వేరుగా రావడానికి ఆ దగ్గరితనం కొంత కారణమై ఉండాలి. దాంతో ఈ ఏరియాలో క్వార్టరు కావాలన్నా, బదిలీ కావాలన్నా కార్మికుడి తరఫున జనరల్ మేనేజర్‌తో మాట్లాడే హక్కు ఐఎన్‌టీయూసీకి వచ్చింది. లాభాల వాటా, నియామకాల గురించి హైదరాబాదులోనూ కొత్తగూడెంలోనూ మాట్లాడే హక్కు ఏఐటీయూసీకి దక్కింది.