కరణం దఫ్తరం నుంచి కంప్యూటర్ లెక్క దాకా

విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి బయల్దేరే ఏలూరు కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరుతుంది. కాలువకు దక్షిణాన డెల్టా, ఉత్తరాన మెట్ట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు సాగాక ఈ సీమలో ప్రతి చెక్క భూమికీ రిజిస్టరులో ఒక తరగతి స్థిరపడుతూ వచ్చింది. మాగాణికి ఒక శిస్తు, మెట్టకు ఒక శిస్తు. నూట డెబ్బై ఏళ్లు గడిచాక ఆ విభజన శిస్తుతో ఆగలేదు. బడికెళ్లే పిల్లల తల్లి ఖాతాలో ప్రభుత్వ సాయం పడుతుందా లేదా అన్నది కూడా ఇప్పుడు దాన్ని బట్టే తేలుతోంది. మూడెకరాల లోపు మాగాణి, పదెకరాల లోపు మెట్ట, రెండూ కలిసినా పదెకరాలు మించకూడదు. ఇది నేటి సంక్షేమ పథకాల అర్హత నిబంధన. అప్పట్లో ఆ తరగతిని చూసి లెక్క కట్టింది కరణం. ఇప్పుడు కడుతున్నది కంప్యూటర్.

బ్రిటిష్ పాలనలో ఊరి లెక్కంతా కరణం చేతిలో ఉండేది. సర్వే నంబరు, విస్తీర్ణం, నీటి ఆధారం, వేసిన పంట అన్నీ అడంగల్‌లోకి ఎక్కేవి. వాటికి మూలం సెటిల్మెంట్ రిజిస్టరు. గోదావరి జిల్లాల రైతులు దాన్ని ఇప్పటికీ డైగ్లాట్ అంటారు. దఫ్తరం చాలా ఊళ్లలో కరణం ఇంట్లోనే ఉండేది. చదువురాని రైతుకు తన భూమి గురించి ఏం రాసి ఉందో కరణం చెబితేనే తెలిసేది. ఆ గుట్టే కరణానికి బలం. కరణాల పెత్తనం మీద తెలుగునాట తరతరాలుగా వినిపించిన ఆక్రోశానికి మూలం ఇక్కడే ఉంది.

ఆ ఏర్పాటులోనే ఒక చిన్న కిటికీ కూడా ఉండేది. అదే జమాబందీ. ఏటా రెవెన్యూ అధికారి వచ్చి ఊరి లెక్కలన్నీ తనిఖీ చేసేవాడు. పంట పోయిందనో, నీరు అందలేదనో, విస్తీర్ణం తప్పు పడిందనో రైతు అక్కడ మొరపెట్టుకోవచ్చు. న్యాయం ప్రతిసారీ దొరికిందని ఎవరూ అనరు. కానీ లెక్క కట్టినవాడు, అడిగేవాడు, తీర్చేవాడు ఒకేచోట ఎదురెదురుగా ఉండేవారు. ఏ లెక్క మీద వాదన జరుగుతోందో ముగ్గురికీ తెలుసు.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. దాన్ని సుప్రీంకోర్టు మరుసటి ఏడాది సమర్థించింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. వంశపారంపర్య పెత్తనం పోయింది. రికార్డు కోసం రైతు మండల కార్యాలయం మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు.

కంప్యూటర్ విషయంలో ఈ సీమ వెనుకబడి లేదు, ముందు నడిచింది. ఏలూరు కేంద్రంగా ఉన్న నాటి పశ్చిమ గోదావరి జిల్లాలో 2002లో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు మొదలయ్యాయి. మండల కేంద్రాల్లో వాటిని నడిపింది స్వయం సహాయక సంఘాల మహిళలు. బిల్లుల చెల్లింపు, ధ్రువపత్రాలు, అర్జీలు అక్కడికి చేరాయి. బల్ల అవతల కూర్చున్నది కూడా పక్క వీధి మనిషే. 2015లో మీభూమి వెబ్‌సైట్ వచ్చాక అడంగల్, భూమి హక్కుల పత్రం 1బి ఇంట్లో కూర్చుని చూసుకునే వీలు కలిగింది. కరణం బీరువాలో ఉన్న కాగితం రైతు సెల్‌ఫోన్‌లోకి రావడం చిన్న మార్పు కాదు.

ఇదే కాలంలో కొల్లేరు ప్రజలకు మరో రకం లెక్క ఎదురైంది. 1999 అక్టోబరులో ప్రభుత్వం 120 నంబరు జీవోతో సరస్సును సముద్రమట్టానికి ప్లస్ 5 అడుగుల కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లకు పైగా, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సును కాపాడుకోవాల్సిందే, అందులో సందేహం లేదు. బుడమేరు, తమ్మిలేరు వరద నీరు కొల్లేరులోకి దిగి ఉప్పుటేరు గుండా సముద్రం చేరకపోతే మునిగేది ఈ ఊళ్లే. అయితే కాంటూరు గీత ఎక్కడ పోతుందో లంక గ్రామాల వాడికి కంటికి కనపడదు. తన పట్టా భూమి గీతకు లోపలుందా, బయటుందా అన్నది సర్వే పటం చేతిలో ఉన్నవాడు చెప్పాలి. 2008లో శాసనసభ కాంటూరును ప్లస్ 3కు తగ్గించాలని తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ప్లస్ 5నే ఉంచాలని చెప్పింది. హద్దుల గొడవ ఇంకా తెగలేదు. ఒక్క అంకె మీద వేల కుటుంబాల బతుకు ఆధారపడినప్పుడు, ఆ అంకెను నేల మీద ఎలా గుర్తించారో జనానికి చూపించడం ఎంత అవసరమో కొల్లేరు నేర్పింది.

తర్వాతి మలుపు 2016 ప్రజా సాధికార సర్వే. ఇంటింటి వివరాలు ఆధార్‌తో కలిపి నమోదయ్యాయి. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు ప్రారంభమయ్యాయి. అదే ఏడాది నవశకం సర్వేతో అర్హత నిబంధనలు ఒక రూపానికి వచ్చి, జనం నోట ఆరు అంచెల పరిశీలనగా స్థిరపడ్డాయి. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 రూపాయలు దాటకూడదు. భూమికి పైన చెప్పిన హద్దు. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్ల లోపు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ఆదాయపన్ను కట్టేవాడు ఉండకూడదు. సొంత కారు ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ ఉన్నా ఫర్వాలేదు. పట్నంలో ఇంటి విస్తీర్ణానికీ పరిమితి ఉంది. ప్రభుత్వం మారినా 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం పథకంలోనూ ఈ గీటురాళ్లు చాలావరకు కొనసాగాయి.

నిబంధనలు రహస్యం కావు, పత్రికల్లో అచ్చయ్యాయి. అర్హుల, అనర్హుల జాబితాలు సచివాలయం గోడ మీద అంటిస్తున్నారు. ఇది మెచ్చుకోవాల్సిన పని. చిక్కంతా నిబంధనకూ జాబితాకూ మధ్య జరిగే పనిలో ఉంది. రెవెన్యూ, విద్యుత్తు, రవాణా, ఆదాయపన్ను శాఖల రికార్డులను ఆధార్ ద్వారా ఒకే ఇంటికి జతచేసేది సాఫ్ట్‌వేర్. ఒకే మీటరు మీద అన్నదమ్ముల రెండు కాపురాలు ఉంటే యూనిట్లు ఎవరి లెక్కలో పడతాయి? పెళ్లయి వేరుపడిన కొడుకు హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో తండ్రి ఇంట్లోనే ఉండిపోతే ఎవరి కారు ఎవరి పింఛనుకు అడ్డం? కైకలూరు, మండవల్లి వైపు చేపల చెరువైపోయిన భూమికి రికార్డులో పాత తరగతే ఉంటే యంత్రం దేన్ని చూస్తుంది? అమ్మేసిన భూమి పాత ఆధార్‌కే అంటుకుని ఉంటే? సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్ తెర మీద కనిపించేది కారణం ముక్క మాత్రమే. అది ఏ రికార్డు, ఏ తేదీది, ఎలా జత కలిసిందో ఆ ఉద్యోగికీ తెలియకపోవచ్చు. జమాబందీలో ఎదురుగా నిలబడి అడగగలిగిన ప్రశ్నకు ఇక్కడ జవాబిచ్చే మనిషి లేడు.

ఈ భయం ఊహ కాదని పక్క రాష్ట్రం చూపించింది. తెలంగాణలో సమగ్ర వేదిక పేరిట శాఖల సమాచారాన్ని కలిపి రేషన్ కార్డుల అర్హత తేల్చే పద్ధతి నడిచింది. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. సాఫ్ట్‌వేర్ లోపలి పద్ధతి చెప్పమని సమాచార హక్కు కింద అడిగితే, దాన్ని తయారుచేసిన ప్రైవేటు సంస్థ హక్కుల పేరు చెప్పి ఇవ్వలేదని 2024 జనవరిలో అల్ జజీరా ప్రచురించిన పరిశోధన కథనం వెల్లడించింది. పేదవాడి బియ్యం ఆపిన లెక్క కంపెనీ ఆస్తి అనడం ప్రజాస్వామ్యంలో చెల్లని వాదన.

బయటి దేశాల్లో దారి పడింది. ప్రభుత్వ నిర్ణయంలో అల్గారిథం పాత్ర ఉంటే దాని నియమాలను అడిగిన పౌరుడికి చెప్పి తీరాలని ఫ్రాన్స్ 2016లో చట్టం చేసింది. తమ నగరపాలనలో వాడుతున్న అల్గారిథంల రిజిస్టరును ఆమ్‌స్టర్‌డామ్, హెల్సింకీ 2020 సెప్టెంబరులో జనం ముందు పెట్టాయి. ఏ పనికి వాడుతున్నారు, ఏ సమాచారం తీసుకుంటుంది, తప్పు జరిగితే ఎవరిని అడగాలి అన్నవి అందులో మామూలు మాటల్లో ఉంటాయి.

మన దగ్గర అందుకు కావలసిన చట్టం 2005 నుంచే ఉంది. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రతి కార్యాలయం తాను పాటించే ప్రమాణాలను, సబ్సిడీ పథకాల అమలు తీరును అడగకముందే ప్రకటించాలి. తన నిర్ణయం వల్ల నష్టపోయినవారికి కారణాలు చెప్పాలి. అది కూడా స్థానిక భాషలో చెప్పేలా చూసుకోవాలి. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీకి 2006లోనే దారి వేసిన రాష్ట్రం మనది. మస్టర్ రోలును గ్రామసభలో బిగ్గరగా చదివించినప్పుడు దొంగ పేర్లు బయటపడ్డాయి. సచివాలయం అనర్హుల జాబితాలో ప్రతి పేరు పక్కన ఏ శాఖ రికార్డు, ఏ నెలది, ఏ నంబరు వల్ల ఆగిందో ఆ ఇంటివారికి రాతపూర్వకంగా ఇవ్వడం, జతచేసే నియమాలను ఏటా గ్రామసభలో చదివి వినిపించడం అంతకంటే కష్టమేమీ కాదు. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాలు ఈ పని మొదలుపెట్టాలి.

అంతవరకు అడిగే పని జనానిదే. రాష్ట్ర నిబంధనల ప్రకారం సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడైనా ఉచితమే. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అప్పీలు ఉంది. పేరు ఆగిపోయిన ప్రతి ఇంటివారూ ‘ఏ రికార్డు వల్ల ఆపారు, అది నా ఇంటికి ఎలా జత అయింది’ అని ఒక్క కాగితం మీద రాసి ఇవ్వండి. రసీదు తీసుకోవడం మరవకండి.