ఉత్త సెంటిమెంటేనా?

రెండేళ్ళ కిందట మా హోసూరు పక్కన ఒక పల్లె బడిలో తెలుగు అయ్యవారి ఉద్యోగం ఖాళీ అయింది. ఏడాది గడిచినా ఆ చోటికి ఎవరూ రాలేదు. పిల్లల తండ్రులు నలుగురు అర్జీ రాయించుకొని, చదువుకున్నవాడినని నన్ను ముందు పెట్టుకొని ఒక కార్యాలయానికి వెళ్ళారు. అక్కడి అధికారి మర్యాదస్తుడు. కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. అర్జీ ఆసాంతం చదివాడు. చదివి, "మీ బాధ అర్థమవుతుంది సార్. కానీ ఇది ఉత్త సెంటిమెంటు. పిల్లల భవిష్యత్తు చూడండి" అన్నాడు.

తిరిగి వస్తూ బస్సులో ఒక రైతు నన్ను అడిగాడు: "సెంటిమెంటంటే ఏమి సామీ? మంచిదా, చెడ్డదా?"

ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. అయినా జవాబు తోచలేదు. ఇంటికి వచ్చాక ఆ మాట వెంట పడ్డాను. నాకు దొరికిన సంగతులు పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

ముందు మన వాడుక చూద్దాం. సినిమా వాళ్ళకు సెంటిమెంటంటే కన్నీళ్ళు. తల్లి సెంటిమెంటు, చెల్లెలి సెంటిమెంటు అంటారు. 1961లో తమిళంలో వచ్చిన 'పాశమలర్' 1962లో తెలుగులో 'రక్తసంబంధం' అయింది. ఆ అన్నాచెల్లెళ్ళ కథకు ఏడవని ఇల్లు లేదు. మా వైపు తమిళులూ, కన్నడిగులూ కూడా ఈ మాటను ఇదే అర్థంలో వాడుతారు. అదే సినిమా వాళ్ళు ఫలానా నెలలో బొమ్మ విడుదల చేస్తే ఆడుతుందని నమ్మితే, దానికీ సెంటిమెంటనే పేరు. ఇంగ్లీషువాడికి ఈ అర్థం తెలియదు. ఇది మనం కల్పించుకున్నది. దీనికి మన పల్లెల్లో 'అచ్చిరావడం' అనే చక్కని మాట ఉండనే ఉంది. షేర్ల బజారులో సెంటిమెంటంటే కొనేవాళ్ళ ధైర్యం, అధైర్యం. తెలంగాణ సెంటిమెంటు అని పత్రికలు ఏళ్ళ తరబడి రాశాయి. 2014 జూన్ 2న అది రాష్ట్రమైంది. మతం విషయంలో 'సెంటిమెంట్లు దెబ్బతిన్నాయి' అంటాం. 1927లో అప్పటి శిక్షాస్మృతిలో చేర్చిన 295ఎ సెక్షన్‌లో మాత్రం వాడింది 'ఫీలింగ్స్' అనే మాట. చట్టం ఒకటి రాసుకుంటే జనం మరొకటి పలుకుతున్నారన్నమాట.

కడుపుతీపి, మమకారం, అభిమానం, పట్టింపు, జనాభిప్రాయం, అచ్చిరావడం. ఇన్ని మాటలు చేసే పనిని ఇప్పుడు ఒక్క మాట నెత్తిన వేశాం.

ఇక దీని పుట్టుపూర్వోత్తరాలు. లాటిన్‌లో 'సెంతీరే' అనే క్రియ ఉంది. అనుభవించడం, గ్రహించడం, తలచడం, అన్నీ దాని అర్థాలే. మనసు వేరు, బుద్ధి వేరు అనే గోడ ఆ మాటలో లేదు. న్యాయమూర్తి విధించే శిక్షను 'సెంటెన్స్' అంటారు. అది కూడా ఈ కుదురులో పుట్టిందే. సమ్మతికి 'కన్సెంట్', అసమ్మతికి 'డిస్సెంట్', ఇవన్నీ అక్కచెల్లెళ్ళు. సెంటిమెంటు ఫ్రెంచివాళ్ళ ద్వారా ఇంగ్లీషుకు చేరింది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ప్రసిద్ధ నిఘంటువులో ఈ మాటకు చెప్పిన మొదటి అర్థం ఆలోచన, అభిప్రాయం. కన్నీళ్ళ ప్రసక్తి అక్కడ లేదు.

మరో నాలుగేళ్ళకు, 1759లో, ఆడమ్ స్మిత్ 'నైతిక సెంటిమెంట్ల సిద్ధాంతం' రాశాడు. తర్వాత 1776లో దేశాల సంపద గురించి రాసి అర్థశాస్త్రానికి ఆద్యుడనిపించుకున్న పెద్దమనిషి ఈయనే. మంచిచెడ్డలను మనిషి ఎలా తేల్చుకుంటాడన్నది ఆ మొదటి గ్రంథం విషయం. ఎదుటివాడి స్థానంలో మనల్ని నిలబెట్టుకోవడం, ఏ పక్షానికీ చెందని ఒక సాక్షి మన లోపల ఉన్నట్టు భావించి అతని కళ్ళతో మన నడత చూసుకోవడం, ఇవే నీతికి పునాది అన్నాడు. ఆయన దృష్టిలో సెంటిమెంటు తీర్పు చెప్పగల శక్తి.

మరి మాట ఎక్కడ చెడింది? ఫ్యాషన్ కావడంతో చెడింది. 1749 ప్రాంతంలోనే ఒక పెద్దింటి ఇల్లాలు నవలాకారుడు రిచర్డ్‌సన్‌కు ఉత్తరం రాస్తూ, గొప్పవాళ్ళందరి నోటా నానుతున్న ఈ 'సెంటిమెంటల్' అనే మాటకు అర్థమేమిటో చెప్పమని అడిగింది. మా రైతు అడిగిన ప్రశ్నే! 1768లో లారెన్స్ స్టెర్న్ 'సెంటిమెంటల్ జర్నీ' వెలువడింది. 1771లో హెన్రీ మెకంజీ 'ది మ్యాన్ ఆఫ్ ఫీలింగ్' వచ్చింది. కంటతడి పెట్టడం నాగరికతకు గుర్తయింది. నాటకాలూ ఏడుపుబాట పట్టాయి. 1773లో ఆలివర్ గోల్డ్‌స్మిత్, నవ్వించవలసిన నాటకం ఏడిపించడమేమిటని వ్యాసం రాశాడు. మన వీరేశలింగం పంతులుగారి 'రాజశేఖర చరిత్ర'కు ప్రేరణ ఇచ్చిన నవల ఈ గోల్డ్‌స్మిత్‌దే. 1777లో షెరిడన్ మరో అడుగు వేశాడు. ఆయన నాటకం 'ది స్కూల్ ఫర్ స్కాండల్'లో జోసెఫ్ సర్ఫేస్ అనే పాత్ర ఉంది. నోరు తెరిస్తే నీతి సూక్తులే. వాటినే అప్పట్లో సెంటిమెంట్లు అనేవారు. చేసేవి మాత్రం మోసాలు. చివరికి అతని బండారం బయటపడుతుంది. అలా సెంటిమెంటు అనే మాటకు దొంగబుద్ధి అనే మచ్చ కూడా అంటుకుంది.

అయినా పాత అర్థం చచ్చిపోలేదు. 1848 జూలైలో అమెరికాలో సెనెకా ఫాల్స్ అనే ఊళ్ళో స్త్రీల హక్కుల సభ జరిగింది. 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు అక్కడ ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. దాని పేరు 'సెంటిమెంట్ల ప్రకటన'. అందులో ఓటు హక్కు కోసం డిమాండు ఉంది, జరిగిన అన్యాయాల పట్టిక ఉంది. అమెరికా రాజ్యాంగం స్త్రీల ఓటును ఒప్పుకొన్నది 1920లో. సెంటిమెంటు 72 ఏళ్ళు నిలబడింది.

మన చరిత్రలోనూ ఈ మాటకు ఒక పెద్ద పీట ఉంది. 1948 డిసెంబరులో జైపూరు కాంగ్రెసు భాషా రాష్ట్రాల విషయం తేల్చమని జవహర్‌లాల్, వల్లభభాయి, పట్టాభి సీతారామయ్యలతో సంఘం వేసింది. 1949 ఏప్రిల్‌లో వచ్చిన ఆ జె.వి.పి. నివేదిక భాషా రాష్ట్రాలకు సుముఖంగా లేదు. అయినా ప్రజల సెంటిమెంటు బలంగా, పట్టుదలగా ఉంటే ప్రజాస్వామికులుగా తలవంచక తప్పదని, దేశ శ్రేయస్సు పరిమితికి లోబడి ఒప్పుకొన్నది. ఆ ఇంగ్లీషు వాక్యంలో ఉన్న మాట సెంటిమెంటే. 1952 డిసెంబరు 15న మద్రాసులో పొట్టి శ్రీరాములుగారు ప్రాణమిచ్చారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. గీత అవతల మిగిలిన మనబోటివాళ్ళ కోసం 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలన్నది దాని సారం.

ఇదంతా చదివాక అధికారికి దీటైన జవాబు దొరికిందని సంతోషించాను. కోట్ల మంది అంటే రాష్ట్రం వచ్చింది, నలభై మంది పిల్లల తండ్రులు అంటే 'ఉత్త' అనే తోక తగిలింది. మాట ఒకటే, పలికేవాడి బలాన్ని బట్టి దాని వెల మారుతున్నది. రెండో అర్జీ రాశాను. మమకారం, తల్లిభాష, తేనె వంటి మాటలు తీసేశాను. పిల్లల సంఖ్య, ఖాళీ ఏర్పడిన తేదీ, అధికరణం అంకె మాత్రమే రాశాను.

సంతకం పెట్టబోతుంటే చెయ్యి ఆగింది. నా మనవడు చదివేది ఇంగ్లీషు బడిలో. వాడికి తెలుగు అక్షరాలు రావు. ఏటేటా సభల్లో తెలుగు కోసం గొంతు గద్గదం చేసుకునేది నేనే. ఆ రైతు మాత్రం ఏ సభలోనూ ఏడవలేదు. ఒక రోజు కూలి పోగొట్టుకొని బస్సెక్కి వచ్చాడు. అతనిది స్మిత్ చెప్పిన సెంటిమెంటు. నాది జోసెఫ్ సర్ఫేస్‌ది. అధికారి మాట రైతుకు వర్తించదు గాని, నాకు కొంత వర్తిస్తుంది.

అర్జీ పంపాను. అయ్యవారు ఇంకా రాలేదు. వారానికి మూడు సాయంకాలాలు ఆ బడి వసారాలో నేనే పిల్లలకు తెలుగు చెబుతున్నాను. మా మనవడు చివరి వరసలో కూర్చుంటాడు. వాడికి ఇప్పుడిప్పుడే గుణింతాలు వస్తున్నాయి.

మొన్న రైతు కనిపిస్తే అతని ప్రశ్నకు జవాబు చెప్పాను: "దాని కోసం మనం ఏం చేస్తామో చూసి చెప్పాలయ్యా, అది మంచిదో చెడ్డదో."

"అంతేనా సామీ" అని నవ్వి, "ఈ బుధవారం వస్తారు కదా?" అని అడిగాడు.