తర్లగూడ దారి, విద్యుత్తు దారి

విద్యుత్ వాహనాలకు ఛార్జింగ్ అందించడం కరెంటు అమ్మకం కాదనీ, సేవేననీ, దానికి లైసెన్సు అక్కర్లేదనీ కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లో తేల్చింది. ఆ డిసెంబరు మార్గదర్శకాలు ఇంటి ఛార్జింగ్‌కు అనుమతినిచ్చాయి. రహదారికి ఇరువైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక కేంద్రం ఉండాలన్నాయి.

హైదరాబాద్ మీదుగా వెళ్లే 163వ జాతీయ రహదారి తెలంగాణ దాటి తర్లగూడ మీదుగా బస్తర్‌లోకి సాగుతుంది. 2015లో ఛత్తీస్‌గఢ్ నుంచి 1000 మెగావాట్ల కొనుగోలుకు తెలంగాణ ఒప్పందం చేసుకుంది. ఆ విద్యుత్తు మాత్రం ఈ దారిన రాలేదు. మహారాష్ట్రలోని వార్ధా మీదుగా డిచ్‌పల్లికి చేరింది.

లైసెన్సు తొలగినంత మాత్రాన పెట్టుబడి అడవిదారి పట్టదు. వాహనాల రద్దీ ఉన్నచోటికే వెళుతుంది. రహదారి ఛార్జింగ్ కేంద్రాల లెక్క తర్లగూడకూ వర్తించాలంటే, ఆ భారాన్ని మార్కెట్‌కు వదలక ప్రభుత్వాలే మోయాలి.