మగ్గం ఆగితే చెబుతుంది – మరి కంప్యూటర్?

సూరత్ నగరంలోని ఉధ్నా జంక్షన్ వద్ద ముంబయి రైలు మార్గం నుంచి జల్‌గావ్ మార్గం విడిపోతుంది. స్టేషన్ దాటి పారిశ్రామిక వాడలోకి అడుగుపెడితే వినిపించేది మరమగ్గాల చప్పుడే. తెలంగాణ నుంచి వలస వచ్చిన ఎన్నో నేత కుటుంబాలు ఉధ్నా, లింబాయత్ ప్రాంతాలలో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోందంటే ఇక్కడ తెలుగువారి సంఖ్య ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఈ వ్యాసం చదివే మీలో కొందరు ఆ ఇళ్ల పిల్లలే కావచ్చు. అయితే మీకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. సాంచా నడుస్తుండగా పేక పోగు తెగితే మగ్గం తనంతట తానే ఆగిపోతుంది.

ఎలా ఆగుతుంది? నాడె వెంట పోగు వచ్చిందా లేదా అని చిన్న ముళ్లచెంచా వంటి సాధనం తడిమి చూస్తుంది. పోగు ఉంటే ఆ ముల్లును వంచుతుంది. పోగు లేకపోతే ముల్లు వంగదు. దాని తోక కొక్కేనికి తగులుకొని మగ్గాన్ని ఆపేస్తుంది. 1842లో ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో విలియం కెన్‌వర్తీ, జేమ్స్ బులో రూపొందించిన మరమగ్గంలో పేక తెగితే ఆపే ఏర్పాటు ఉంది. 1924లో జపాన్‌లో సకిచి టొయోడా తయారుచేసిన స్వయంచాలక మగ్గం పడుగు పోగు తెగినా ఆగేది. ఆగడం వల్ల కొన్ని నిమిషాలు పోతాయి. ఆగకపోతే మీటర్ల కొద్దీ గుడ్డ పాడవుతుంది. అందుకే ఆగడం ఒక సుగుణమైంది. పైగా ఆగిన మగ్గం ఎక్కడ చూడాలో కూడా నేతగాడికి చూపిస్తుంది.

ఇప్పుడు మీ కళాశాల కంప్యూటర్ ప్రయోగశాలకు వద్దాం. నలభై కంప్యూటర్లలో ఒక్కొక్కదానికీ విడివిడిగా ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం చాలా శ్రమ. కాబట్టి ఒక సర్వర్ నుంచి నెట్‌వర్కు తీగల ద్వారా అన్నిటికీ పంపుతారు. పని మొదలవుతుంది. కొంతసేపటికి తెర కదలకుండా నిలిచిపోతుంది. లోపం ఎక్కడో తెలియదు. ఈ యంత్రం మగ్గంలా ఎందుకు చెప్పదు? దీనికి జవాబు చరిత్రలోనే ఉంది.

డిస్కు లేని యంత్రాలు

1980ల ఆరంభంలో హార్డ్ డిస్కులు చాలా ఖరీదైనవి. అందువల్ల సొంత డిస్కు లేని కంప్యూటర్లను బల్లలపై పెట్టి, వాటికి కావలసిన ప్రోగ్రాములను ఒక పెద్ద కంప్యూటర్ నుంచి అందించే పద్ధతి వచ్చింది. కాని డిస్కు లేని యంత్రానికి స్విచ్ వేయగానే తన చిరునామా కూడా తెలియదు. దానికి తెలిసినది నెట్‌వర్కు కార్డుపై కర్మాగారంలో వేసిన సంఖ్య ఒక్కటే.

1984 జూన్‌లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాస్ ఫిన్లేసన్, ఆయన సహచరులు ఆర్‌ఏఆర్‌పీ అనే పద్ధతిని ప్రకటించారు. యంత్రం తన కార్డు సంఖ్యను అందరికీ వినిపించేలా అరిచి చెబుతుంది. సర్వర్ దానికి ఒక చిరునామా ఇస్తుంది. అయితే చిరునామా తప్ప మరేమీ రాదు. 1985 సెప్టెంబరులో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ రూపొందించిన బూట్‌పీ ఈ కొరతను తీర్చింది. నీ చిరునామా ఏది, సర్వర్ ఎక్కడ, ఏ ఫైలు తెచ్చుకోవాలి అనే మూడు ప్రశ్నలకూ ఒకే జవాబులో సమాధానం వచ్చేది. 1993 అక్టోబరులో రాల్ఫ్ డ్రామ్స్ ప్రకటించిన డీహెచ్‌సీపీ దీని వారసురాలే.

ఒక విషయం గమనించండి. జవాబు రాకపోతే యంత్రం చేయగలిగింది ఒక్కటే: కాసేపు ఆగి మళ్లీ అడగడం. తీగ తెగిందా, సర్వర్ లేదా, ఉండి వినలేదా అనే తేడా దానికి తెలియదు. పోగు లేకపోవడాన్ని ముల్లు తడిమి తెలుసుకుంటుంది. నెట్‌వర్కులో మాత్రం జవాబు లేకపోవడమూ, జవాబు ఆలస్యం కావడమూ అడిగినవారికి ఒకేలా కనిపిస్తాయి. మనం చూసే నిశ్శబ్దానికి మూలం ఇదే.

చిన్న నియమం, పెద్ద చిక్కు

చిరునామా దొరికాక ఫైలు తెచ్చుకోవాలి. ఇందుకు ఎంఐటీలో పుట్టిన టీఎఫ్‌టీపీ అనే పద్ధతిని ఎంచుకున్నారు. 1981 జూన్‌లో కరెన్ సోలిన్స్ దీని నియమాలను పత్రంగా ప్రచురించారు. ఫైలును 512 బైట్ల ముక్కలుగా చేసి ఒక్కొక్కటీ పంపుతారు. ముక్క అందిందని రసీదు వచ్చాకే తరువాతిది బయలుదేరుతుంది. ఇంతకంటె సులభమైన నియమం ఉండదు. కార్డుపై ఉండే చిన్న రామ్ చిప్‌లో కాదు, చెరగని రోమ్ చిప్‌లో ఇమడాలి కాబట్టి ఆ సులభత్వం అవసరమే.

కాని అందులో ఒక చిక్కు దాగి ఉంది. 5వ ముక్కకు రసీదు ఆలస్యమైందనుకోండి. సర్వర్ ఆ ముక్కను మళ్లీ పంపుతుంది. దానికీ రసీదు వస్తుంది. ఇప్పుడు 5వ ముక్కకు రెండు రసీదులు. మొదటిదాన్ని చూసి సర్వర్ 6వ ముక్కను పంపుతుంది. రెండోదాన్ని చూసి మళ్లీ 6వ ముక్కనే పంపుతుంది. ఇక ఫైలు చివరి దాకా ప్రతి ముక్కా రెండేసి సార్లు! దీనికి మాంత్రికుని శిష్యుడి వ్యాధి అని పేరు వచ్చింది. నీళ్లు మోసే చీపురును ఆపడం తెలియక శిష్యుడు దాన్ని నరికితే రెండు చీపుళ్లై నీళ్లు మోశాయన్న కథ నుంచి వచ్చిన పేరది. ఒకే రసీదు రెండోసారి వస్తే సర్వర్ పట్టించుకోకూడదన్నదే చికిత్స. 1989లోనూ, 1992 జూలైలో వచ్చిన సవరించిన పత్రంలోనూ ఈ నియమాన్ని చేర్చారు.

మరో చిక్కు లెక్కలో ఉంది. ముక్క సంఖ్యకు కేటాయించినది 16 బిట్లే. అంటే పెద్ద సంఖ్య 65,535. దాన్ని 512తో గుణిస్తే 3,35,53,920 బైట్లు, అంటే దాదాపు 32 మెగాబైట్లు. 1981లో అంత పెద్ద బూట్ ఫైలును ఎవరూ ఊహించలేదు. తరువాత ఫైళ్లు ఆ హద్దు దాటాయి. కొన్ని ప్రోగ్రాములు లెక్కను మళ్లీ సున్న నుంచి, కొన్ని ఒకటి నుంచి మొదలుపెట్టాయి. పంపేవారికీ తీసుకునేవారికీ లెక్క కలవకపోతే పని అక్కడే నిలిచిపోతుంది. 1995లో ముక్క పరిమాణాన్ని పెంచుకునే వీలు కల్పించారు.

ముప్పై సెకన్ల మౌనం

మూడో కథ స్విచ్‌లది. నెట్‌వర్కులో తీగలు వలయంగా కలిస్తే ప్యాకెట్లు గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాయి. దీన్ని నివారించే స్పానింగ్ ట్రీ పద్ధతిని 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో రేడియా పెర్ల్‌మన్ రూపొందించారు. కొత్తగా తీగ తగిలించగానే స్విచ్ 15 సెకన్లు వింటుంది, మరో 15 సెకన్లు నేర్చుకుంటుంది. ఆ 30 సెకన్లూ మామూలు ప్యాకెట్లను పోనివ్వదు.

1999 సెప్టెంబరులో ఇంటెల్ సంస్థ పీఎక్స్ఈ 2.1 ప్రమాణాన్ని వెలువరించింది. నెట్‌వర్కు నుంచి బూట్ అయ్యే యంత్రం అందులో నాలుగుసార్లు డీహెచ్‌సీపీని అడుగుతుంది. ఒక్కోసారి వేచి ఉండే కాలం 4, 8, 16, 32 సెకన్లు. అంటే ప్రశ్నలు బయలుదేరేది 0, 4, 12, 28వ సెకన్ల వద్ద. ఇప్పుడు మీరే లెక్కకట్టండి. తీగకు ప్రాణం వచ్చిన వెంటనే అడగడం మొదలైతే, స్విచ్ తలుపు తెరిచే 30వ సెకనుకు ముందే నాలుగు ప్రశ్నలూ పోయాయి. మిగిలిన 32 సెకన్ల నిరీక్షణ వృథా. స్విచ్ సరిగానే పనిచేసింది, కార్డూ సరిగానే పనిచేసింది. అయినా పని జరగలేదు. కంప్యూటర్ తగిలించిన ద్వారాలకు ఈ నిరీక్షణ అక్కరలేదని స్విచ్‌కు చెప్పడమే దీనికి పరిష్కారం.

చేతులు మారే చోటు

అన్నిటికంటె తికమక పెట్టేది ఇంకొకటుంది. మొదటి ఫైళ్లను తెచ్చేది కార్డు రోమ్‌లోని ప్రోగ్రాము. కెర్నెల్ ప్రాణం పోసుకోగానే ఆ ప్రోగ్రాము తప్పుకుంటుంది. కెర్నెల్ తన సొంత డ్రైవర్‌తో అదే కార్డును మళ్లీ మేల్కొలపాలి. ఆ కార్డుకు తగిన డ్రైవర్ దాని వద్ద లేకపోతే, నిమిషం క్రితం చక్కగా పనిచేసిన కార్డు ఇప్పుడు కనబడదు. డ్రైవర్ ఉన్నా, కార్డును మళ్లీ మేల్కొలిపేటప్పుడు తీగ సంబంధం ఒక్క క్షణం తెగుతుంది. స్విచ్ మళ్లీ 30 సెకన్ల మౌనం పాటిస్తుంది! మొదట చిరునామా దొరికిన యంత్రమే రెండోసారి దొరకక నిలిచిపోవడానికి ఇది ఒక కారణం.

ఆగిన చోటే ఆధారం

కాబట్టి పని నిలిచిపోతే వెంటనే స్విచ్ కట్టి మళ్లీ వేయకండి. ఆగిన స్థితిలోనే ఆధారాలు ఉంటాయి. ముందుగా ఏ మెట్టు వద్ద ఆగిందో చూడండి. చిరునామా రాకముందే ఆగితే తీగ, స్విచ్, డీహెచ్‌సీపీలను అనుమానించాలి. అదే నెట్‌వర్కులో రెండో డీహెచ్‌సీపీ సర్వర్ ఉండి తప్పు జవాబు ఇస్తోందేమో కూడా చూడాలి. ఫైలు వస్తుండగా ప్రతిసారీ ఒకే చోట ఆగితే లెక్కలోనో ఫైలులోనో దోషముంది. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే తీగనో రద్దీనో అనుమానించాలి. కెర్నెల్ మొదలయ్యాక ఆగితే డ్రైవర్‌ను చూడాలి. నలభై యంత్రాలలో ఒకటే ఆగిందా, అన్నీ ఆగాయా అన్నది మరో మంచి ప్రశ్న. ఒకటే అయితే లోపం ఆ యంత్రం వైపు, అన్నీ అయితే సర్వర్ వైపు వెతకాలి.

తెర మౌనంగా ఉన్నా యంత్రం లోపల చిట్టా రాస్తూనే ఉంటుంది. డెబియన్ లినక్స్‌ను అక్షరాల తెరపై ఎక్కించేటప్పుడు ఆల్ట్, ఎఫ్4 మీటలు కలిపి నొక్కితే ఆ చిట్టా కనిపిస్తుంది. విండోస్ సెటప్‌లో షిఫ్ట్, ఎఫ్10 నొక్కితే ఆదేశాలు ఇచ్చే కిటికీ తెరుచుకుంటుంది. తీగలో పోయే ప్యాకెట్లను వినిపించే సాధనాలూ ఉన్నాయి. 1988లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో టీసీపీడంప్ పుట్టింది. 1998లో జెరాల్డ్ కూంబ్స్ విడుదల చేసిన ఎథీరియల్ 2006 నుంచి వైర్‌షార్క్ పేరుతో అందుబాటులో ఉంది. మగ్గానికి ముల్లు ఎలాంటిదో నెట్‌వర్కుకు ఇవి అలాంటివి. తేడా ఒక్కటే: మగ్గంలో ముల్లు ముందే బిగించి ఉంటుంది, ఇక్కడ మనమే తెచ్చి పెట్టుకోవాలి.

2015లో వచ్చిన యూఈఎఫ్ఐ 2.5 ప్రమాణం టీఎఫ్‌టీపీకి బదులు హెచ్‌టీటీపీతో బూట్ చేసే వీలు కల్పించింది. దానితో పాత చిక్కులు కొన్ని తీరాయి. కాని అవతలి నుంచి జవాబు రానప్పుడు ఎందుకు రాలేదో తెలియకపోవడమనే మూల సమస్య ఏ ప్రమాణంతోనూ పోదు. రేపు మీలో ఎవరైనా ఇటువంటి ప్రోగ్రాము రాస్తే, దేని కోసం ఎదురుచూస్తున్నదో తెరపై ఒక్క వాక్యంలో చెప్పేటట్లు రాయండి. పోగు తెగిన చోటును మగ్గం 1842 నాటికే చూపించగలిగింది. కంప్యూటర్ నుంచి కూడా మనం అంతమాత్రం కోరవచ్చు.